థియోడర్ రూజ్‌వెల్ట్: ఎల్క్‌ల వేటకు కొండెక్కిన ఆయనే.. చివరికి వాటికి ఓ కొండనే రాసిచ్చారు!

పిల్లలు ఆడుకునే టెడ్డీ బేర్ బొమ్మకు ఆ పేరు ఎలా వచ్చిందో చాలామందికి తెలుసు. 1902లో మిసిసిపీ అడవుల్లో వేటకు వెళ్లిన అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్.. చెట్టుకు కట్టేసిన ఎలుగుబంటిని కాల్చనంటే కాల్చనన్నారు. దానిపై కార్టూన్ వచ్చింది, ఆ తర్వాత బొమ్మ వచ్చింది, పేరు నిలిచిపోయింది. అయితే ఆయన్ని అసలు వేటగాడిగా తయారుచేసింది ఎలుగుబంటి కాదు. ఎల్క్ అనే కొండ దుప్పి.

ఎల్క్ అంటే ఎలా ఉంటుందంటారా? మన నల్లమలలో కణుజు తిరుగుతుంది కదా, సాంబార్ దుప్పి. దానికి పెద్దన్న అనుకోండి. మగది 300 కిలోల పైనే తూగుతుంది. తల మీద కొమ్మలు కొమ్మలుగా చీలిన కొమ్ములు ఏటా రాలిపోయి, మళ్లీ కొత్తవి మొలుస్తాయి.

ఇంకో మాట ముందే చెప్పేద్దాం. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. ఇది అమెరికాలో, 140 ఏళ్ల కిందటి ముచ్చట.

బోర్డు మీది అక్షరాలే కనపడలేదు

రూజ్‌వెల్ట్ పుట్టింది 1858 అక్టోబర్ 27న, న్యూయార్క్‌లో. డబ్బున్న కుటుంబమే. కానీ పిల్లాడికి ఉబ్బసం. రాత్రిళ్లు పడుకుంటే ఊపిరాడక, దిండ్లు ఆనించుకుని కూర్చునే నిద్రపోయేవాడు.

13 ఏళ్ల వయసులో తండ్రి ఓ తుపాకీ కొనిచ్చారు. స్నేహితులతో కలిసి పిట్టలు కొట్టడానికి వెళ్తే వాళ్లకు దొరికేవి, ఇతనికి అసలు కనిపించేవే కావు. తనకు చేతకావడం లేదనుకున్నాడు తప్ప, కళ్ల మీద అనుమానమే రాలేదు. ఓ రోజు స్నేహితులు దూరంగా ఉన్న ప్రకటన బోర్డును గట్టిగా చదివారు. అంత పెద్ద అక్షరాలు తనకు అక్షరాల్లాగే కనిపించలేదు! ఇంటికెళ్లి చెబితే తండ్రి కళ్లజోడు చేయించారు. ప్రపంచం ఇంత అందంగా ఉంటుందని ఆ రోజే తెలిసిందని తర్వాత ఆత్మకథలో రాసుకున్నారు. తాను మంచి గురికాడిని కాదని కూడా దాచుకోకుండా ఒప్పుకున్నారు.

ఈ రెండు విషయాలూ గుర్తుపెట్టుకోండి. ఊపిరి ఆడదు, దూరం కనపడదు. ఎల్క్ వేటకు కావాల్సింది మాత్రం సరిగ్గా ఆ రెండే.

ఒకే ఇంట్లో రెండు చావులు

1884 ఫిబ్రవరి 14. న్యూయార్క్‌లోని ఒకే ఇంట్లో, ఒకే రోజు ఆయన తల్లి, భార్య ఆలిస్ ఇద్దరూ చనిపోయారు. తల్లికి టైఫాయిడ్, ఆలిస్‌కు కిడ్నీ జబ్బు. పాప పుట్టి అప్పటికి రెండే రోజులు. డైరీలో ఆ తేదీ దగ్గర పెద్ద ఇంటూ మార్కు పెట్టారు రూజ్‌వెల్ట్. వయసు 25.

పాపను అక్క చేతిలో పెట్టి ఆయన పడమటి దారి పట్టారు. అంతకు ముందు ఏడాదే అడవిదున్న వేటకని డకోటా ప్రాంతంలోని బ్యాడ్‌లాండ్స్‌కు వచ్చి, పశువుల వ్యాపారంలో డబ్బు పెట్టారు. ఒకప్పుడు లక్షల్లో తిరిగిన దున్నల్లో ఒక్కదాన్ని పట్టుకోవడానికి అప్పుడు రోజుల తరబడి తిరగాల్సి వచ్చింది. ఇప్పుడు లిటిల్ మిసోరీ నది ఒడ్డున ఇంకో రాంచ్‌కు స్థలం వెతికారు. అక్కడ రెండు ఎల్క్ పుర్రెలు దొరికాయి. కొమ్ములు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని ఉన్నాయి. కొట్లాటలో మెలిపడి, విడిపించుకోలేక రెండూ అక్కడే చచ్చాయన్న మాట. రాంచ్‌కు ఎల్క్‌హార్న్ అని పేరు పెట్టారు.

కొండ మీద మకాం

అదే ఏడాది ఆగస్టులో బిగ్‌హార్న్ పర్వతాలకు బయలుదేరారు. ఇప్పటి వయోమింగ్‌లో ఉంటాయవి. తోడు ఇద్దరే. రాంచ్ చూసుకునే బిల్ మెరిఫీల్డ్ ఒకరు, బండి తోలుతూ వంట చేసే నార్మన్ లీబో ఇంకొకరు. బండిని కొండ కింద వదిలి, సామాన్లు గుర్రాల మీద వేసుకుని పైకెక్కారు.

కొండల్లో ఎల్క్‌ను పట్టడం అంటే తుపాకీ పేల్చడం కాదు. అది ఆఖరి నిమిషం పని. అసలు పనంతా అంతకు ముందే ఉంటుంది. తెల్లవారుజామున, పొద్దు వాలేటప్పుడు ఎల్క్‌లు గడ్డి మైదానాల్లోకి మేతకు వస్తాయి. ఎండెక్కితే దట్టమైన పైన్ చెట్ల నీడలోకి వెళ్లి పడుకుంటాయి. కాబట్టి చీకటితోనే లేచి, ఎత్తయిన గట్టు మీద కూర్చుని కింది లోయలన్నీ ఓపిగ్గా వెతకాలి. కాలిముద్రల అంచు పదునుగా ఉంటే కొత్తది, విరిగి రాలిపోయి ఉంటే పాతది. పెంటికలు తడిగా ఉన్నాయా, ఎండిపోయాయా? చిన్న చెట్ల బెరడు కొమ్ములతో గీకి ఉందా? బురద గుంటలో పొర్లిన గుర్తులున్నాయా? ఇవన్నీ చదవడం రావాలి.

అన్నిటికన్నా ముఖ్యం గాలి. ఎల్క్ మనిషిని చూసినా ఒక్క క్షణం ఆగి అనుమానపడుతుందేమో గానీ, వాసన తగిలిందంటే ఇక ఆగదు. మంద మొత్తం కొండ దాటేస్తుంది. కొండల్లో తెల్లవారుజామున చల్లగాలి లోయలోకి దిగుతుంది. ఎండ పడ్డాక వేడెక్కి పైకి ఎగబాకుతుంది. పొద్దున పనిచేసిన దారే మధ్యాహ్నం వేటగాణ్ణి పట్టిచ్చేస్తుంది. ఈ లెక్క తెలియకపోతే ఎంత మంచి తుపాకీ ఉన్నా దండగే.

రూజ్‌వెల్ట్, మెరిఫీల్డ్ బూట్లు విప్పేసి మొకాసిన్‌లు వేసుకున్నారు. అక్కడి ఆదివాసులు తోలుతో కుట్టుకునే మెత్తటి చెప్పులవి. అడుగు కింద పుల్ల ఉంటే విరగక ముందే కాలికి తెలుస్తుంది. కళ్లు సరిగ్గా కనపడని మనిషి కాళ్లతో, చెవులతో వేటాడటం నేర్చుకున్నాడన్న మాట. దూరం నుంచి కాల్చడం తన వల్ల కాదు కాబట్టి, వీలైనంత దగ్గరికి వెళ్లడమే ఆయన పద్ధతి అయింది.

ఆ ట్రిప్‌లో ఎల్క్‌లు దొరికాయి, వాటి మాంసమే తిండి అయింది. కొట్టిన ఎల్క్ కళేబరాన్ని తినడానికి ఓ గ్రిజ్లీ ఎలుగు వస్తోందని గుర్తులు కనిపిస్తే దాని జాడ పట్టుకున్నారు. పడిపోయిన చెట్ల మధ్య అది ఒక్కసారిగా ఎదురుపడింది. మధ్య దూరం పది గజాలు కూడా లేదు. ఒకే తూటా, సరిగ్గా రెండు కళ్ల మధ్య తగిలింది.

ఇక్కడో విషయం చెప్పకుండా ఉండలేం. ఆ కొండలు క్రో, షయెన్, లకోటా తెగల వాళ్ల వేట భూములు. దగ్గర్లోనే 1876లో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధం జరిగింది. తర్వాత వాళ్లను రిజర్వేషన్లలోకి నెట్టేశారు. రూజ్‌వెల్ట్ వేసుకున్న చెప్పులు వాళ్లవే, తొక్కిన దారులూ వాళ్లవే. కానీ ఆదివాసుల గురించి ఆయన మాట్లాడిన మాటలు కొన్ని ఇవాళ చదివితే ఇబ్బందిగానే ఉంటాయి.

కూత వినబడితే..

1891 సెప్టెంబర్‌లో ఎల్లోస్టోన్ దక్షిణాన ఉన్న టూ ఓషన్ పాస్ దగ్గర మళ్లీ ఎల్క్ వేటకు వెళ్లారు. ఈ చోటు భలే విచిత్రం. ఒకే వాగు రెండుగా చీలి, ఒక పాయ పసిఫిక్ వైపు, ఇంకో పాయ అట్లాంటిక్ వైపు పోతుంది. ఈసారి దారి చూపించింది టాజ్‌వెల్ వుడీ అనే పాత కొండ మనిషి.

సెప్టెంబర్ అంటే ఎల్క్‌ల జత కట్టే కాలం. అంత పెద్ద జంతువు గొంతులోంచి ఈల లాంటి సన్నని కూత వస్తుంది. మొదట లోతుగా మొదలై, పైకి పైకి లేచి, చివర్లో గుర్రుమంటూ ఆగుతుంది. ఒక మగది కూస్తే అవతలి కొండ మీద నుంచి ఇంకోటి బదులిస్తుంది. చూపు తక్కువైన వేటగాడికి ఇంతకంటే ఏం కావాలి? కూతను బట్టి దిక్కు, దూరం, అది ఆగి ఉందా నడుస్తోందా అన్నది తెలిసిపోతుంది. గాలి చూసుకుని చుట్టు తిరిగి వెళ్లడమే. ఈ వేట గురించి 1893లో వచ్చిన పుస్తకంలో ఆయన రాసిన అధ్యాయం చదివితే, కాల్పుల కంటే ఆ కూత గురించే ఎక్కువ మురిసిపోయారనిపిస్తుంది.

లెక్క తేడా వచ్చింది

జాడలు చదవడం వచ్చిన మనిషికి, జాడలు లేకపోవడం కూడా తెలుస్తుంది. రాంచ్ పెట్టిన చోట పుర్రెలు దొరికాయి గానీ, ఆ చుట్టుపక్కల ఎల్క్‌లు దాదాపు అయిపోయాయి. ఒకప్పుడు ఖండమంతా కలిపి కోటి వరకు ఉండేవని, 1900 దాటేసరికి లక్షలోపుకి పడిపోయాయని అంచనా. తోళ్ల కోసం కొందరు, మాంసం అమ్ముకోవడానికి కొందరు చంపారు. గడియారం గొలుసుకు వేలాడదీసుకునే రెండు కోరపళ్ల కోసం చంపి, మిగతాదంతా అక్కడే వదిలేసినవాళ్లూ ఉన్నారు.

1885లో రూజ్‌వెల్ట్ తొలి వేట పుస్తకం వచ్చినప్పుడు ఫారెస్ట్ అండ్ స్ట్రీమ్ పత్రిక ఎడిటర్ జార్జ్ బర్డ్ గ్రిన్నెల్ మెచ్చుకుంటూనే చురకలు వేశారు. తక్కువ అనుభవంతో అంతా తెలిసినట్టు రాశారన్నది ఆయన ఫిర్యాదు. రూజ్‌వెల్ట్ నేరుగా ఆఫీసుకే వెళ్లారు. గొడవ అవుతుందేమో అనుకుంటే స్నేహం అయింది! తానెక్కిన కొండల్లో జరుగుతున్నది దేశమంతా జరుగుతోందని గ్రిన్నెల్ దగ్గరే అర్థమైంది.

1887 డిసెంబర్‌లో ఇద్దరూ ఇంకొందరితో కలిసి బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ పెట్టారు. అందరూ వేటగాళ్లే. జంతువుకు తప్పించుకునే అవకాశం ఉండాలన్నది వాళ్ల నియమం. మంచులో కూరుకుపోయిన దాన్ని చంపకూడదు. రాత్రి దీపం వేసి కళ్లు చెదరగొట్టి కాల్చకూడదు. నీళ్లలో ఈదుతున్న దాన్ని పడవ మీంచి కొట్టకూడదు. ఎల్లోస్టోన్ పార్కులో వేటగాళ్లకు శిక్ష పడేలా 1894లో వచ్చిన చట్టం వెనక ఈ క్లబ్ ఒత్తిడి ఉంది.

1897లో ఒలింపిక్ పర్వతాల ఎల్క్‌ను వేరే రకంగా గుర్తించిన శాస్త్రవేత్త హార్ట్ మెరియం దానికి రూజ్‌వెల్ట్ పేరే పెట్టారు.

1901 సెప్టెంబర్‌లో అధ్యక్షుడు మెకిన్లీ పరిస్థితి విషమించిందన్న కబురు అందేటప్పటికి ఉపాధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఎక్కడున్నారో తెలుసా? మార్సీ కొండ మీద! దిగి వచ్చేసరికి అధ్యక్షుడయ్యారు. 1903 ఏప్రిల్‌లో ఎల్లోస్టోన్ వెళ్లారు. తుపాకీ ముట్టుకోలేదు. గట్టు మీద కూర్చుని ఎల్క్‌లను లెక్కపెట్టారు. ఒక్కచోట నుంచే మూడు వేల దాకా లెక్క తేలింది. వేటలో నేర్చుకున్న పనే, ఆఖరి నిమిషం తప్ప.

1909 మార్చి 2. పదవి దిగిపోవడానికి రెండే రోజులు మిగిలాయి. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒలింపస్ పర్వతం చుట్టూ 6 లక్షల ఎకరాలకు పైగా భూమిని జాతీయ స్మారకంగా ప్రకటిస్తూ సంతకం పెట్టారు. ముఖ్య కారణం అక్కడి ఎల్క్‌లే. తన పేరున్న ఎల్క్‌లే.

అయితే ఇక్కడితో ఆయన మారిపోయారనుకుంటే పొరపాటే. అదే నెలలో కొడుకు కెర్మిట్‌తో కలిసి ఆఫ్రికా ఓడెక్కారు. తండ్రీకొడుకులు కొట్టిన జంతువుల సంఖ్య 500 దాటింది. మ్యూజియం కోసమే అన్నారు. అన్ని కావాలా అని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతున్నారు.

1912లో మిల్వాకీలో ఓ దుండగుడు ఆయన ఛాతీ మీద కాల్చాడు. జేబులో ఉన్న కళ్లజోడు పెట్టె, మడతపెట్టిన ప్రసంగం కాగితాలు అడ్డుపడి బతికిపోయారు. 1919 జనవరి 6న, 60 ఏళ్ల వయసులో నిద్రలోనే కన్నుమూశారు.

ఆయన పోకముందే, 1915లో అధ్యక్షుడు విల్సన్ ఒలింపస్ స్మారకాన్ని దాదాపు సగానికి కత్తిరించారు. అక్కడి కలప కోసం ఒత్తిడి అలాంటిది. 1938లో దాన్ని నేషనల్ పార్కుగా మార్చే చట్టంపై సంతకం పెట్టింది ఇంకో రూజ్‌వెల్ట్.. ఆయన దూరపు బంధువు ఫ్రాంక్లిన్. అడవిలో తిరిగే రూజ్‌వెల్ట్ ఎల్క్‌ల అతిపెద్ద మంద ఇవాళ ఉన్నది ఆ పార్కులోనే. సెప్టెంబర్‌లో వెళ్తే ఆ కూత ఇప్పటికీ వినబడుతుంది.