ఐలమ్మ చేతి రోకలి

ఆత్మరక్షణ అనగానే మనకు కరాటే, కర్రసాము గుర్తొస్తాయి. తెలంగాణ వీరనారి చాకలి ఐలమ్మ జీవితం ఇంకో సంగతి కూడా నేర్పుతుంది.

ఐలమ్మ 1895లో వరంగల్ ప్రాంతంలోని కృష్ణాపురంలో జన్మించారు. పాలకుర్తికి చెందిన చిట్యాల నర్సింహను వివాహమాడారు. కులవృత్తితో కుటుంబం గడవక నాలుగెకరాలు కౌలుకు సాగు చేశారు. దొరల వెట్టికి ఎదురుతిరిగి ఆంధ్రమహాసభ సంఘంలో చేరారు. అది సహించలేని విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి ఆమె పంట కోసుకురమ్మని మనుషులను పంపాడు. ఐలమ్మ రోకలిబండ చేతబట్టి ఎదిరించారు. సంఘం కార్యకర్తలు కర్రలతో ఆమెకు అండగా నిలిచారు. వచ్చినవాళ్లు పారిపోయారు. సంఘంవారే వరి కోసి ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. తరువాత ఇల్లు తగలబెట్టినా ఆమె భూమిని వదల్లేదు.

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ కాల్పులకు బలయ్యాక రైతులు ఊరూరా వడిసెలలు, కర్రలు పట్టారు. స్త్రీలు కారంపొడి, రోకళ్లు సిద్ధం చేసుకున్నారు.

ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న కన్నుమూశారు. 2024లో హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు.

రోకలి ఆనాడు ప్రతి ఇంట్లోనూ ఉంది. దాన్ని ఎత్తే ధైర్యం, వెనుక నిలిచే మనుషులు కలిసినప్పుడే అది ఆయుధమైంది. నల్లజర్ల హాస్టల్ మిత్రులారా! చీకటి పడ్డాక జతగా నడుద్దాం. ఆపదలో గట్టిగా కేక వేద్దాం, 112కు ఫోన్ చేద్దాం. పక్క గదిలోంచి కేక వినబడితే తలుపు తీసి పరుగెడదాం.