కైవారము నారేయణ యోగి

మన మురుగమల్ల యున్న చింతామణి తాలూకాలోనిదే కైవారము. గాజుల మలారము మోసికొని యూరూరు తిరిగిన నారాయణప్పగా రా గ్రామమువారు. 1726లో జన్మించి 1836లో సమాధి పొందిరని, అనగా 110 ఏండ్లు జీవించిరని సంప్రదాయము.

బేరమునం దాయన మనసు నిలువలేదు. ఇల్లు గడుపవలసిన భార్య మునియమ్మగారికి కష్టములు తప్పలేదు; భక్తుల కథలు చెప్పునపుడు మన మీ యిల్లాండ్రను మరచుచుందుము. పిమ్మట పరదేశిస్వామి యను గురువు అష్టాక్షరీ మంత్ర ముపదేశించి, నోట నొక గులకరాయి నుంచి, అది కలకండ యగువరకు జపింపుమనిరట. రాయి నిజముగా కరగెనా యని విద్యార్థులు మమ్మడుగుదురు. మే మెరుగము. అంగడివీథిలో నిలువని మనసు కైవారము కొండగుహలో నిలిచినదని మాత్రము చెప్పగలము.

తరువాత నాయన నోట పాట వెలువడినది. తమ యూరి దైవమైన అమరనారాయణస్వామి పేరనే ముద్ర నుంచి తెలుగునను కన్నడమునను కీర్తనలు రచించిరి. అమరనారేయణ శతకము, కాలజ్ఞానము తెలుగున వెలసినవి. ఆ కాలముననే తమిళదేశపు తిరువయ్యారులో త్యాగరాజస్వామి (1767–1847) తెలుగుననే కృతులు కూర్చుచుండిరి. ఇరువురును ఆంధ్రదేశమునకు వెలుపలివారే. త్యాగయ్యగారివలె మనవారు రాగవిస్తారమునకు పోలేదు. ఏకతారి పట్టినవాడును పాడుకొనదగిన పదములు కట్టిరి. అవి మన యిండ్లలోని తెలుగే.

ఏటేట గురుపూర్ణిమకు కైవారమున సంగీతోత్సవము జరుగును. ఆ తెలుగు పాటలను కన్నడ లిపిలో చదువుకొని పాడువారు పలువురు. మా పిల్లలు కొన్నిటిని విని తెలుగు లిపిలో వ్రాసికొనుచున్నారు.