సింహాసనం ఎక్కినా పియానో వదలని మహారాజు

అరకులోయ: మన్యంలో భజన మందిరం ఉన్న ఊళ్లలో హార్మణీ పెట్టె తెలియనివారు అరుదు. పగలంతా పొలం పని చేసుకుని, రాత్రి భజనలో ఒక చేత్తో తిత్తి ఆడిస్తూ మరో చేత్తో మెట్లు నొక్కేవారికి అది బతుకుతెరువు కాదు. ఇష్టం కొద్దీ పట్టుబడిన విద్య. అలా ఇష్టం కొద్దీ మెట్ల వాయిద్యాన్ని పట్టుకున్నవారిలో ఒక మహారాజు కూడా ఉన్నారు. ఆయనే మైసూరు సంస్థానం చివరి పాలకుడు జయచామరాజ ఒడయార్.

ఆయన వాయిద్యం పియానో. తెల్లమెట్లు, నల్లమెట్లు హార్మణీలో ఉన్న వరుసలోనే ఉంటాయి. హార్మణీ గాలితో పలుకుతుంది. పియానోలో మెట్టు నొక్కితే లోపల చిన్న సుత్తి తీగను కొడుతుంది. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా మోగుతుంది.

జయచామరాజ 1919 జూలై 18న జన్మించారు. పెదతండ్రి నాలుగవ కృష్ణరాజ ఒడయార్ అప్పటి మహారాజు. సంగీతమంటే ప్రాణం పెట్టే ఆ కొలువులో మన వాయిద్యాలతోపాటు పాశ్చాత్య వాయిద్యాలూ మోగేవి. బాలుడి మనసు పియానో మీద పడింది. పెద్దయ్యాక కచేరీలు చేసే పియానో విద్వాంసుడు కావాలన్నది ఆయన కోరిక.

అయిదు నెలల్లో రెండు మరణాలు

1940 మార్చిలో తండ్రి, ఆగస్టులో పెదతండ్రి కన్నుమూశారు. సెప్టెంబరు 8న సింహాసనం ఎక్కేనాటికి ఆయన వయస్సు 21 ఏళ్లు. కచేరీల కోరిక అంతటితో ముగిసింది.

సాధన మాత్రం ఆగలేదు. రాజైన అయిదేళ్లకు, 1945లో, లండన్‌లోని గిల్డ్‌హాల్ సంగీత పాఠశాల నుంచి పియానోలో లైసెన్షియేట్ పట్టా పొందారు. రాజ్యమేలే వ్యక్తికి ఆ పట్టాతో పనేముంది? నేర్చిన విద్యకు లెక్క చెప్పుకోవాలన్న పట్టుదల తప్ప మరొకటి కనిపించదు.

మరొకరి పాట నిలబెట్టారు

తాను ఎక్కలేని వేదికను ఆయన ఇతరులకు అందించారు. నికోలాయ్ మెట్నర్ రష్యాలో పుట్టిన గొప్ప పియానో విద్వాంసుడు, స్వరకర్త. స్వదేశం విడిచి చివరకు ఇంగ్లాండులో స్థిరపడ్డారు. వయస్సు మీరింది, ఆరోగ్యం చెడింది, ఆయన సంగీతాన్ని పట్టించుకునేవారు తగ్గిపోయారు. ఆ సంగీతమంటే మక్కువ ఉన్న మహారాజు తన ఖర్చుతో మెట్నర్ సంఘాన్ని నెలకొల్పారు. మెట్నర్ స్వయంగా వాయించిన రచనలు కుక్క బొమ్మ గుర్తు గల హెచ్.ఎం.వి. గ్రామఫోను ప్లేట్లుగా వెలువడ్డాయి. మెట్నర్ తన మూడవ పియానో కచేరీ రచనను మహారాజుకు అంకితమిచ్చారు. 1951లో మెట్నర్ మరణించారు. ఆ ప్లేట్లు ఆయన చేతి వాయింపును నిలిపి ఉంచాయి.

మన సంగీతానికి ప్రాణమైన గమకం పియానో మెట్ల మీద పలకదు. మహారాజు వీణ వెంకటగిరియప్ప వద్ద వీణ నేర్చుకున్నారు. తెలుగులో ఎన్నో కీర్తనలు రచించిన మైసూరు వాసుదేవాచార్యులు ఆయన ఆస్థాన విద్వాంసులు. ఆ సాంగత్యంలో మహారాజు స్వయంగా సంస్కృతంలో 94 కృతులు రచించారు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక సంస్థానం భారతదేశంలో కలిసింది. ఆయన మైసూరు రాజప్రముఖ్‌గా, ఆపై 1956 నుంచి 1964 వరకు మైసూరు గవర్నరుగా, తర్వాత 1966 వరకు మద్రాసు గవర్నరుగా పనిచేశారు. 1974 సెప్టెంబరు 23న బెంగుళూరులో 55 ఏళ్ల వయస్సులో మరణించారు.

సింహాసనం పోయింది, పదవులు గడిచిపోయాయి. ఆయన కృతులు నేటికీ కచేరీలలో వినిపిస్తున్నాయి. ఆయన పూనికతో వెలువడిన మెట్నర్ వాయింపు నేటికీ వినవచ్చు. రాత్రి భజనకు హార్మణీ ముందు కూర్చునే మన ఊరి రైతుకు ఈ మహారాజు పరాయివాడు కాడు.