కుర్ర జట్టును నిలబెట్టిన అయ్యవారు: సయ్యద్ అబ్దుల్ రహీం

మన సంఘం సంచికలో ప్రతి ఏడూ ఒక పెద్దమనిషి జీవితాన్ని చెప్పుకోవడం మంచి అలవాటు. ఈసారి చెప్పుకోబోయే మనిషి మౌల్వీ కాదు, నవాబు కాదు, మంత్రి కాదు. బడిలో పాఠాలు చెప్పుకుని బ్రతికిన ఒక అయ్యవారు. అయితే ఆయన పేరు ఒకప్పుడు ఆసియా ఖండమంతా తెలుసు. ఆయనే హైదరాబాదు వాసి జనాబ్ సయ్యద్ అబ్దుల్ రహీం గారు. ఆటగాళ్లకూ అభిమానులకూ రహీం సాబ్.

ఇక్కడ మన అహోబిలం, ఆళ్లగడ్డ వైపు కుర్రాళ్లకు క్రికెట్టు తెలిసినంతగా ఫుట్‌బాల్ తెలియదు. ఆయన సంగతి ఇక్కడెందుకని కొందరు అనుకోవచ్చు. కారణముంది. అనుభవం లేని పిల్లలను పట్టుకుని ఒక జట్టును మొదటినుండి కట్టాల్సి వచ్చినప్పుడు మనిషి ఎలా నడుచుకోవాలో రహీం సాబ్ జీవితం చెబుతుంది. ఇది ఒక్క ఆటకే కాదు, బిడ్డలను పెంచే ప్రతి ఇంటికీ పనికొచ్చే సంగతి.

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు. అక్కడి ఫుట్‌బాల్ జట్టులో బాగా ఆడారు. చదువయ్యాక ఉపాధ్యాయ వృత్తిలో చేరి కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైన చోట్ల బళ్లలో పనిచేశారు. తర్వాత వ్యాయామ విద్యలో శిక్షణ పొంది బడి పిల్లల ఆటపాటల బాధ్యత కూడా చూసుకున్నారు. ఆయనకు చివరిదాకా ఈ అయ్యవారి స్వభావం పోలేదు. మైదానంలో ఉన్నా తరగతి గదిలో ఉన్నట్టే ఉండేవారు. చెప్పిందే మళ్లీ చెప్పడానికి విసుక్కునేవారు కాదు. క్రమశిక్షణ తప్పితే మాత్రం ఎంత పెద్ద ఆటగాడినైనా ఊరుకునేవారు కాదు.

1943లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. ఆ బాధ్యత చనిపోయేదాకా మోశారు. ఆయన చేతిలో పెరిగిన జట్టు హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. డబ్బు అక్కడే, పేరు అక్కడే, వేలాది జనం అక్కడే. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్బుల ముందు ఒక పోలీసు జట్టు ఎంత? ఇక్కడ ఆడేవాళ్లకు దొరికేది పోలీసు శాఖలో చిన్న ఉద్యోగం, నెల జీతం, అంతే. ఒక కుర్రాడు కాస్త బాగా ఆడుతున్నాడంటే కలకత్తా నుండి పిలుపు వచ్చేది. పిలుపు వచ్చినవాణ్ణి ఎవరూ తప్పుపట్టలేరు. ఇంట్లో ముసలి తల్లిదండ్రులుంటారు, పెళ్లి కావలసిన చెల్లెళ్లుంటారు. వాడు వెళ్లాడు. జట్టులో ఒక చోటు ఖాళీ.

ఇలాంటి జట్టును నడిపేవాడికి రెండే దారులు. ఉన్న పెద్ద ఆటగాళ్లను ఎలాగైనా పట్టుకుని వేలాడటం ఒకటి. పోయేవాళ్లు పోతూనే ఉంటారని ఒప్పుకుని, ఎప్పుడూ కొత్తవాళ్లను తయారుచేసుకుంటూ ఉండటం రెండవది. రహీం సాబ్ రెండో దారి పట్టారు. బడి అయ్యవారికి ఇది కొత్త కాదు కదా! ప్రతి ఏడూ పై తరగతి పిల్లలు వెళ్లిపోతారు, కింద తరగతి వాళ్లు వస్తారు. వెళ్లినవాళ్ల కోసం ఏడుస్తూ కూర్చుంటే పాఠం సాగదు.

ఆయన పద్ధతులు ఆ కాలానికి చాలా కొత్తవి. పిల్లల కోసం వేరే పోటీలు పెట్టేవారు. కొన్ని పోటీల్లో బంతిని కాలి దగ్గర పెట్టుకుని ఒక్కడే తీసుకుపోవడం నిషేధం. బంతి రాగానే పక్కవాడికి అందించాల్సిందే. కొన్ని ఆటల్లో ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే ఆడాలి. కుడికాలి వాడు ఎడమకాలితో, ఎడమకాలి వాడు కుడికాలితో. చూసేవాళ్లకు మొదట నవ్వులాటగా ఉండేది. పిల్లలు తడబడేవారు, బంతి యాడికో పోయేది, గోళ్లు పడేవి, ఓడిపోయేవారు. అయినా ఆయన ఆ ఓటములను లెక్కచేయలేదు. ఏమంటే ఆయనకు కావలసింది ఆ రోజు గెలుపు కాదు. రెండు మూడేళ్ల తర్వాత రెండు కాళ్లతో ఆడగల, పక్కవాణ్ణి నమ్మగల ఆటగాడు కావాలి.

ఫలితం దేశమంతా చూసింది. 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు కూడా తెచ్చింది. తర్వాత 1954లోనూ, 1957లోనూ, ఆంధ్రా పోలీసు పేరు వచ్చాక 1961లోనూ మళ్లీ ఆ కప్పు తెచ్చింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956–57, 1957–58 సంవత్సరాల్లో వరుసగా రెండుసార్లు గెలిచింది. ఆటగాళ్లు మారుతూనే ఉన్నారు. జట్టు మాత్రం నిలబడింది.

ఇక దేశం జట్టు సంగతి. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో రహీం సాబ్ శిక్షణలో మన జట్టు ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణం గెలిచింది. ఊరూరా సంబరం. అయితే మరుసటి ఏడే పెద్ద దెబ్బ తగిలింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడిపోయాం. మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడినవాళ్లే. అక్కడ చలి, జారే నేల, ఎదుట బూట్లు వేసుకున్న బలిష్ఠులు. ఆ ఓటమి తర్వాతే మన దేశంలో బూట్లు వేసుకుని ఆడాలన్న నియమం గట్టిగా అమలైంది.

10 గోళ్లతో ఓడినప్పుడు మామూలుగా ఏమవుతుంది? ఒకరినొకరు తిట్టుకుంటారు. పేపర్లు దుమ్మెత్తిపోస్తాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు జట్టును తయారుచేసే పని మళ్లీ రహీం సాబ్ మీదే పడింది. ఆయన కుర్రాళ్లకు పెద్దపీట వేశారు. బెంగాల్ కుర్రాడు పి.కె. బెనర్జీకి 20 ఏళ్లు. మన సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాంకూ 20 ఏళ్లే. హైదరాబాదు నుండి అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ లాంటి అనుభవజ్ఞులతో పాటు జుల్ఫికరుద్దీన్ లాంటి కుర్రవాణ్ణీ తీసుకున్నారు.

బలరాం సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పేదింటి బిడ్డ. అమ్ముగూడ నుండి హైదరాబాదుకు రోజూ శిక్షణకు వచ్చే స్తోమత లేదు. రహీం సాబ్ ఆ కుర్రాడి ఆట చూసి, రోజూ అద్దె సైకిలు మీద రావడానికి తన జేబులోంచి డబ్బులిచ్చారు. ఆయనేమీ ధనికుడు కాదు, బడి జీతం మీద బ్రతికేవారు. కులం చూడలేదు, మతం చూడలేదు, కుర్రాడి కాలు చూశారు. ఆ కుర్రాడే తర్వాత భారతదేశపు గొప్ప ముగ్గురు ఫార్వర్డులలో ఒకడుగా పేరు తెచ్చుకున్నాడు. 2023 ఫిబ్రవరిలో కన్నుమూసేదాకా ఆయన రహీం సాబ్ పేరు భక్తితోనే తలచుకునేవారు.

మెల్‌బోర్న్‌లో 1956 డిసెంబరు 1న మన జట్టు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాతో తలపడింది. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి సరిగ్గా నెల రోజులు. మన కర్నూలు రాజధాని హోదా పోయి, కొత్త రాష్ట్రానికి హైదరాబాదు రాజధాని అయిన నెల రోజులకే ఆ హైదరాబాదు అయ్యవారి జట్టు 4–2తో గెలిచింది. నెవిల్ డిసౌజా ఒక్కడే 3 గోళ్లు కొట్టాడు. సెమీఫైనల్లో ఎదురైంది ఎవరనుకున్నారు? అదే యుగోస్లావియా. నాలుగేళ్ల కింద 10 గోళ్లు కొట్టిన జట్టు. ఈసారి మొదటి గోలు మనదే! చివరకు 4–1తో ఓడిపోయినా, ఆ కాసేపు ప్రపంచం మన వైపు తిరిగి చూసింది. మూడవ స్థానం కోసం ఆడిన ఆటలో బల్గేరియా గెలిచింది. మనకు నాలుగవ స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశానికి దక్కిన అతి పెద్ద గౌరవం అదే.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో పతకం రాలేదు. హంగరీతో 2–1తో ఓడారు. ఫ్రాన్స్‌తో 1–1 సమంగా ముగించారు. పెరూతో 3–1తో ఓడారు. కాగితం మీద చూస్తే ఓటమే. అయితే ఆ ఏడు కాంస్యం గెలిచిన హంగరీని చివరిదాకా నిలవరించడం, ఆధిక్యంలోకి వెళ్లి ఫ్రాన్స్‌ను భయపెట్టడం చిన్న విషయాలు కావు. రహీం సాబ్ అది గమనించారు. నాలుగేళ్లుగా కలిసి ఆడుతున్న పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారని ఆయనకు తెలుసు. ఇక ఫలం పండే వేళ వచ్చింది.

విధి మాత్రం వేరుగా తలచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం సాబ్‌కు ఊపిరితిత్తుల క్యాన్సరు పట్టుకుంది. అంత బాధలోనూ జట్టుతో వెళ్లారు. నాయకుడు చునీ గోస్వామికి 24 ఏళ్లు, వెనక వరుసలో అరుణ్ ఘోష్‌కు 21. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2–0తో ఓడించింది. తర్వాత థాయిలాండ్ మీద 4–1తో గెలిచారుగానీ ఆ ఆటలో జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. జపాన్‌ను 2–0తో ఓడించారు. సెమీఫైనల్లో రహీం సాబ్ ఒక సాహసం చేశారు. కుట్లతో ఉన్న జర్నైల్ మామూలుగా వెనక నిలబడి గోలు కాపాడే మనిషి. ఆయన్ను ముందుకు పంపి గోళ్లు కొట్టమన్నారు. జర్నైల్ కొట్టాడు. దక్షిణ వియత్నాం మీద 3–2తో గెలిచారు.

ఫైనల్ సెప్టెంబరు 4న, మళ్లీ అదే దక్షిణ కొరియాతో. క్రీడల రాజకీయాల వల్ల అప్పుడు జకార్తా జనం భారతీయుల మీద కోపంగా ఉన్నారు. మైదానం నిండా లక్ష మంది దాకా జనం, అందరూ మనకు వ్యతిరేకంగా అరుపులు. ముందు రోజు రాత్రి రహీం సాబ్ ఆటగాళ్లను పిలిచి, తనకు ఒక బహుమతి కావాలనీ, అది రేపటి బంగారు పతకమనీ అడిగారని ఆ ఆటగాళ్లు జీవితమంతా చెప్పుకున్నారు. ఆ జనంలో మనకు మద్దతుగా కేకలేసింది పాకిస్తాన్ హాకీ జట్టు అని కూడా వాళ్లు చెప్పేవారు. ఆట మొదలైన 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ గోళ్లు కొట్టారు. కొరియా చివర్లో ఒకటి తిరిగి ఇచ్చినా మనవాళ్లు చెక్కుచెదరలేదు. 2–1తో స్వర్ణం మనదైంది. ఆ జట్టులో మన బలరాం, యూసుఫ్ ఖాన్, అఫ్జల్ లాంటి హైదరాబాదు వాళ్లు ఉండటం మనకు మరింత గర్వకారణం.

అది జరిగిన 9 నెలలకు, 1963 జూన్ 11న రహీం సాబ్ అల్లాకు ప్రియమయ్యారు. వయస్సు 53 ఏళ్లు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

ఆయన నాటిన విత్తులు ఆ తర్వాత కూడా కొంతకాలం పండాయి. 1965–66లో హబీబ్ లాంటి కుర్రాళ్లతో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో హైదరాబాదీ నయీముద్దీన్ నాయకత్వంలో కాంస్యం వచ్చింది. ఆయన కుమారుడు హకీం గారు 1960 ఒలింపిక్ జట్టులో సభ్యుడు, తర్వాత అంతర్జాతీయ రెఫరీ. 2021లో కాలం చేశారు. అయితే ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మాత్రం 1962 తర్వాత మనకు మళ్లీ రాలేదు. హైదరాబాదు ఆట కూడా మెల్లగా చల్లబడింది. పోయే ఆటగాళ్లు పోతూనే ఉన్నారు, వాళ్ల వెనక కొత్త పిల్లలను తయారుచేసే అయ్యవారు మాత్రం కరువయ్యారు. ఆయన పేరు కూడా చాలా కాలం మరుగున పడింది. 2024లో మైదాన్ అనే హిందీ సినిమా వచ్చాకనే కొత్త తరంలో చాలామందికి ఆయనెవరో తెలిసింది.

ఇప్పుడు మన సంగతి చూసుకుందాం. మన వైపు కుర్రాళ్లు జట్టు కడతారు. రెండు మ్యాచీలు ఓడిపోతే పెద్దవాళ్లం ఎగతాళి చేస్తాం. ఇక ఆటలు చాలించి పని చూసుకోమంటాం. పరీక్షలో ఒకసారి తప్పిన పిల్లవాణ్ణి చదువు మాన్పిస్తాం. పట్నంలో ఉద్యోగం దొరికి ఎవరైనా వెళితే, ఇక ఊళ్లో ఎవరున్నారని చేతులెత్తేస్తాం. సంఘం పనులకైనా అంతే. పాత సభ్యులు వయసు మీదపడి తప్పుకుంటే, కుర్రాళ్లకు ఏం తెలుసునని వాళ్లకు బాధ్యతలు ఇవ్వడానికి జంకుతాం. రహీం సాబ్ కూడా అలాగే అనుకుని ఉంటే బలరాం అమ్ముగూడలోనే ఉండిపోయేవాడు.

ఓడిపోతున్న కుర్రాడికి కావలసింది తిట్టు కాదు, ఇంకో ఏడాది అవకాశం. అద్దె సైకిలుకు డబ్బులు లేని బిడ్డ మన వీధిలో కూడా ఉంటాడు. వాడికి బూట్లో, పుస్తకాలో, బస్సు చార్జీలో మనలో ఎవరో ఒకరు ఇవ్వగలం. ఆ పని చేసిన నాడు రహీం సాబ్ పేరు మన ఊళ్లో కూడా నిలిచినట్టే. ఆయన మగ్‌ఫిరత్ కోసం ఈ సంచిక చదివే వారందరూ దుఆ చేయవలసిందిగా కోరుతున్నాము.