పాలు తాగే బిడ్డతో పోరాటానికి వెళ్లిన ఐడా వెల్స్

మొగల్తూరులో మా పరిశోధన పని మీద తిరుగుతున్నప్పుడు, ఒక పత్రికకు కంట్రిబ్యూటర్‌గా చేసి మానేసిన దళిత సోదరి కలిసింది. కాన్పు తర్వాత మళ్లీ పనికి వెళ్లలేదు. కంట్రిబ్యూటర్‌కు జీతం లేదు, ప్రసూతి సెలవు లేదు. బిడ్డను ఎవరు చూస్తారని ఇంట్లో అడిగారు. ఆ ప్రశ్నకు మన సంఘాల దగ్గరా జవాబు దొరకలేదు. 2017 మార్చిలో రొయ్యల ఫ్యాక్టరీలో విషవాయువు పీల్చి ఐదుగురు కూలీలు చనిపోయిన చోటు ఇది. వెళ్లి అడిగే విలేఖరి ఒక్కరు తగ్గినా ఇక్కడ లోటే. ఆమె మాట వింటుంటే మాకు ఐడా బి. వెల్స్ గుర్తొచ్చింది.

ఐడా 1862 జూలై 16న అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం, హోలీ స్ప్రింగ్స్‌లో బానిస కుటుంబంలో పుట్టింది. తండ్రి వడ్రంగి, తల్లి వంటమనిషి. 1878లో వచ్చిన పచ్చజ్వరం తల్లిదండ్రులిద్దరినీ, పసి తమ్ముడినీ తీసుకుపోయింది. మిగిలిన పిల్లలను తలా ఒకరికి పంచేద్దామని పెద్దలు అనుకున్నారు. పదహారేళ్ల ఐడా ఒప్పుకోలేదు. పల్లెటూరి బడిలో పంతులమ్మగా చేరింది. వారమంతా నాయనమ్మ పిల్లలను చూసుకుంటే, సెలవు రోజున ఐడా ఇంటికొచ్చి ఉతకడం, వండటం చేసేది.

తర్వాత మెంఫిస్ నగరానికి వెళ్లి, 1889లో ఫ్రీ స్పీచ్ పత్రికలో భాగస్వామి, సంపాదకురాలు అయింది. నల్లపిల్లల బడుల దుస్థితి గురించి రాసినందుకు 1891లో పంతులమ్మ ఉద్యోగం పోయింది. 1892 మార్చిలో ఆమె స్నేహితుడు థామస్ మాస్‌ను, మరో ఇద్దరిని తెల్లవాళ్ల గుంపు జైల్లోంచి ఈడ్చుకెళ్లి కాల్చి చంపింది. వాళ్ల కిరాణా కొట్టు తెల్ల వ్యాపారి కొట్టుకు పోటీ కావడమే అసలు గొడవ. అప్పటికి మాస్ భార్య గర్భవతి.

అలాంటి మూకహత్యలను ఐడా ఒక్కొక్కటిగా ఆరా తీసింది. చనిపోయినవాళ్ల మీద అత్యాచార నింద వేయడం చాలాచోట్ల సాకు మాత్రమేనని రాసింది. ఆ మేలో గుంపు ఆమె పత్రిక కార్యాలయాన్ని ధ్వంసం చేసింది. ఊళ్లో లేదు కాబట్టి బతికింది. మళ్లీ అడుగుపెడితే చంపుతామన్నారు. ఆమె ఆగలేదు. 1895లో వచ్చిన ఎ రెడ్ రికార్డ్ పుస్తకంలో తెల్లవాళ్ల పత్రికలు అచ్చేసిన లెక్కలతోనే వాళ్ల అబద్ధాన్ని బయటపెట్టింది. చుండూరు తర్వాత చచ్చినవాళ్ల మీదే తప్పు మోపిన ప్రచారాన్ని చూసిన మనకు ఆ పని విలువ వేరే చెప్పక్కర్లేదు.

1895 జూన్ 27న షికాగోలో న్యాయవాది ఫెర్డినాండ్ బార్నెట్‌ను పెళ్లి చేసుకుంది. ఉపన్యాస యాత్రల వల్ల ఆ పెళ్లి అప్పటికే మూడుసార్లు వాయిదా పడింది. భర్త పేరు చేర్చుకున్నా తన పేరు వదల్లేదు. పెళ్లయిన సోమవారమే కన్సర్వేటర్ పత్రిక సంపాదకురాలిగా కుర్చీలో కూర్చుంది. బార్నెట్‌కు మొదటి భార్య వల్ల ఇద్దరు కొడుకులున్నారు. ఆయన వంట చేసేవాడు, ఆమె ప్రయాణాలకు అడ్డు చెప్పేవాడు కాదు.

1896 మార్చిలో చార్లెస్ పుట్టాడు. నాలుగు నెలల పిల్లాడిని తీసుకుని ఐడా వాషింగ్టన్‌లో నల్లజాతి మహిళా సంఘాల జాతీయ సభకు వెళ్లింది. బానిసలను విడిపించిన వృద్ధ నాయకురాలు హారియట్ టబ్‌మన్ ఆ పసివాడిని సభకు పరిచయం చేసింది. అదే ఏడాది ఇల్లినాయ్ రాష్ట్రంలో ఎన్నికల ప్రచారానికి రమ్మని మహిళా సంఘం అడిగినప్పుడు, ఐడా ఒక షరతు పెట్టింది. వెళ్లిన ప్రతి ఊళ్లో బిడ్డను చూసుకునే మనిషిని ఏర్పాటు చేయాలి. వాళ్లు చేశారు. ఒక సభలో తల్లి గొంతు విని పిల్లాడు ఏడుపు అందుకుంటే, సభాధ్యక్షురాలే లేచి ఎత్తుకుని బయటికి తీసుకెళ్లింది.

అయినా అన్నీ సాగలేదు. 1897లో రెండో కొడుకు హెర్మన్ పుట్టాక పత్రిక బాధ్యత వదులుకుంది, తన పేరుతో ఉన్న మహిళా క్లబ్బు అధ్యక్ష పదవీ వదులుకుంది. ఇల్లే చాలనుకుంది. కొద్ది నెలలకే దక్షిణ కరోలినాలో పోస్ట్‌మాస్టర్ ఫ్రేజియర్ బేకర్‌నూ, అతని చంటి కూతురినీ గుంపు చంపింది. పాలు తాగే హెర్మన్‌ను ఎత్తుకుని ఐడా మళ్లీ రైలెక్కింది. అధ్యక్షుడు మెకిన్లీని కలిసి, బేకర్ కుటుంబానికి పరిహారం కోసం వాషింగ్టన్‌లో వారాల తరబడి తిరిగింది. హంతకులకు శిక్ష పడలేదు. పెళ్లి వల్లే ఉద్యమానికి దూరమవుతున్నావని మహిళా ఓటుహక్కు నాయకురాలు సూసన్ ఆంథొనీ ఆమెను మందలించింది కూడా. బిడ్డలు ఉండటం తప్పన్నట్టు ఉన్న ఆ మాట ఐడాను నొప్పించింది.

తర్వాత ఇద్దరు కూతుళ్లు పుట్టారు. 1909లో ఇల్లినాయ్‌లోని కైరోలో మూకహత్య జరిగింది. వెళ్లమని భర్త అడిగితే ఐడా కాదంది. చంటిదాన్ని నిద్రపుచ్చుతూ తనూ పడుకుంది. పదమూడేళ్ల చార్లెస్ వచ్చి లేపి, నువ్వు వెళ్లకపోతే ఇంకెవరూ వెళ్లరన్నాడు. మర్నాడు బయలుదేరింది. సాక్ష్యాలు సేకరించి గవర్నర్ ముందు వాదించింది. ఖైదీని కాపాడని షెరీఫ్‌కు మళ్లీ పదవి దక్కలేదు.

ఐడా 1931 మార్చి 25న కన్నుమూసింది. ఆమె ఆత్మకథను చిన్న కూతురు ఆల్ఫ్రెడా సరిచేసి 1970లో అచ్చు వేయించింది. 2020లో పులిట్జర్ సంస్థ ప్రత్యేక గౌరవం ప్రకటించింది.

ఐడా ధైర్యాన్ని మనం తరచూ చెప్పుకుంటాం. ఆమె పెట్టిన షరతును చెప్పుకోం. నాయనమ్మ, భర్త, ఊరూరా బిడ్డను అందుకున్న ఆడవాళ్లు ఉన్నచోట ఆమె పని సాగింది. చేతులు చాలని చోట ఆమె కూడా పత్రిక వదిలింది. ఏప్రిల్ 14న సభ పెట్టి మన ఆడబిడ్డలను మాట్లాడమని పిలుస్తాం. పిలిచేటప్పుడే, బిడ్డను తీసుకురండి, చూసుకునే మనిషి ఉన్నారు అని చెప్పగలగాలి. మొగల్తూరు సోదరి కలం ఇంకా దాచే ఉంచుకుంది.