నలభై ఏళ్లకు తొలి నవల – శ్రీ వట్టికోట ఆళ్వారుస్వామి

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక పెద్దమనిషి జీవితం రాసి ఇమ్మని కార్యదర్శిగారు కోరినప్పుడు నాకు ముందుగా గుర్తుకు వచ్చింది మా ఇంట్లో అటకమీద ఉన్న ఒక పాత రిజిస్టరు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో అందులో ఒక నవల మొదలుపెట్టి, అరవై మూడు పేజీలు రాసి, జమాబందీ వచ్చిందని ఆపాను. ఆ తరువాత బదిలీ, ఆపైన అమ్మాయి పెళ్లి. రిటైరయ్యాక తీరిక దొరికింది గాని రిజిస్టరు మాత్రం కిందికి దిగలేదు. మన సభ్యుల్లో ఇటువంటి రిజిస్టర్లు దాచుకున్నవారు ఇంకా కొందరున్నారని నాకు తెలుసు, పేర్లు చెప్పను. వారిని, నన్ను కూడా దృష్టిలో పెట్టుకొని మన నల్లగొండ బిడ్డ ఆళ్వారుస్వామి గారి సంగతి రాస్తున్నాను.

ఆయన 1915 నవంబరు 1న నకిరేకల్ దగ్గరి చెరువుమాదారంలో పుట్టారు. (మనం పెన్షను కోసం ఎదురుచూసే ఒకటో తారీఖే.) చిన్నతనంలోనే తండ్రి పోయారు. బడిలో కూర్చుని చదువుకునే భాగ్యం లేదు. ఒక ఉపాధ్యాయుని ఇంట వంట చేసిపెడుతూ ఆ నీడనే చదువు నేర్చుకున్నారు. తరువాత విజయవాడలో హోటలు సర్వరుగా పనిచేశారు. పొట్ట గడవటానికి చేసిన ఈ పనుల నడుమనే తెలుగు పుస్తకాలు, పత్రికలు దొరికినవి దొరికినట్లు చదివారు.

హైదరాబాదు చేరాక గోలకొండ పత్రికలో ప్రూఫ్ రీడరుగా కుదిరారు. మన పొరుగు పాలమూరు జిల్లావారైన శ్రీ సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో నెలకొల్పిన పత్రిక అది. ప్రూఫులు దిద్దటం ఎంత విసుగు పనో సెక్షనులో ఇతరుల డ్రాఫ్టులు సరిచూసిన వారికి చెప్పనక్కరలేదు. ఇంకొకరి వాక్యాన్ని అక్షరం అక్షరం చూడాలి, తన పేరు మాత్రం ఎక్కడా రాదు. కాని డిగ్రీ లేని మనిషికి అంతకన్నా మంచి కళాశాల దొరకదని నా ఉద్దేశం. వాక్యం ఎక్కడ కుంటుతుందో కన్ను పట్టేది అక్కడే.

1938లో ఆయన సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించారు. ఇక్కడ ఆనాటి పరిస్థితి మన పిల్లల కోసం కొంచెం చెప్పాలి. నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ, పెద్ద చదువు ఉర్దూలోనే. సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావాలి. తెలుగు పుస్తకం అచ్చువేయటం ఒక కష్టమైతే, దాన్ని కొనేవాణ్ణి వెతకటం ఇంకొక కష్టం. ఆళ్వారుస్వామి గారు వెతికి పట్టుకున్నారు. పుస్తకాలు తామే మోసుకొని వీధులు, ఊళ్లు తిరిగి అమ్మారు. గ్రంథమాల నుంచి ముప్పైకి పైగా పుస్తకాలు వెలువడ్డాయి. కాళోజీ గారి నా గొడవ కూడా ఇక్కడి నుంచే వచ్చింది. 1953లో అలంపురంలో శ్రీశ్రీ గారు దాన్ని ఆవిష్కరించారు.

పాఠకులు గమనించవలసినది ఒకటి ఉంది. ఇన్నేళ్లూ ఆయన మోసినవి ఎక్కువగా ఇతరుల పుస్తకాలు. తన నవల సంగతి వెనక్కే పోతూ వచ్చింది. ఆంధ్ర మహాసభ పని, గ్రంథాలయాల పని, కార్మికుల పని. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో జైలు. తిరిగి 1940ల చివరలో మరింత కాలం జైలు. నిజామాబాదు జైలులో శ్రీ దాశరథి గారు ఆయనకు తోడు. దాశరథి గారు తరువాత తమ అగ్నిధారను ఆళ్వారుస్వామి గారికే అంకితమిచ్చారు.

జైలులో ఆయన తీరికగా నిద్రపోలేదు. తోటి ఖైదీలను చూశారు, వారి కథలు విన్నారు. దొంగ, హంతకుడు అని లోకం ముద్ర వేసిన మనుషుల వెనుక ఏ ఆకలి, ఏ అన్యాయం ఉన్నాయో ఆరా తీశారు. ఆ పరిచయాల నుంచి వచ్చినవే జైలు లోపల కథలు. అవి 1952లో వెలువడ్డాయి. ముందు చిన్న కథలు, తరువాతనే నవల. నేను ఏకంగా నాలుగు తరాల కథ ఎత్తుకున్నాను. అరవై మూడు పేజీల్లో మొదటి తరానికి పెళ్లి కూడా కాలేదు!

1955లో ప్రజల మనిషి నవల వచ్చింది. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు. దిమ్మెగూడెం అనే ఊరు, దొర రామభూపాలరావు, ఎదురు నిలిచిన యువకుడు కంఠీరవం. ఊళ్లో ప్రతి కులవృత్తివాడూ దొర ఇంటికి కూలి లేకుండా పనిచేయవలసి వచ్చిన వెట్టి, భూములు చేతులు మారిన తీరు, భయం మెల్లగా వదిలిన వైనం అందులో ఉన్నాయి. అక్కడక్కడ కథకన్నా వివరణ ఎక్కువైందని నాకనిపించింది. కాని ఆ గడీ ముందు చేతులు కట్టుకొని నిలబడ్డ వారిని మా తాతల నాటి మాటల్లో విన్నవాణ్ణి గనుక పుస్తకం మధ్యలో మూయలేకపోయాను. ఊరూరా తిరిగి పుస్తకాలమ్మిన మనిషికి ఆ ఊళ్లన్నీ కంఠతా వచ్చు. ఆయన కాలినడక, ప్రూఫుల బల్ల, జైలు గది అన్నీ నవలకు పనికివచ్చాయి. వ్యర్థమైన కాలమని మనం అనుకునేది ఆయన లెక్కలో లేదు.

ఆ కథకు కొనసాగింపుగా గంగు అనే నవల మొదలుపెట్టారు. ఈసారి ఒక స్త్రీ పేరు మీద. అది సాగుతుండగానే 1961 ఫిబ్రవరి 5న కన్నుమూశారు. వయసు నలభై అయిదు. మనం పదవీ విరమణ సన్మానంలో శాలువా కప్పించుకున్న వయసుకు ఆయన చేరనే లేదు. గంగు నవల ఆయన వదిలిన చోటు వరకు, 1965లో అచ్చయింది.

ఈ వ్యాసం కోసం పుస్తకాలు వెతుకుతుంటే మనుమడు నా రిజిస్టరు కూడా దింపాడు. చెదలు పట్టలేదు. మొదటి ఇరవై పేజీలు కొట్టివేశాను, అవి అక్కరలేదు.