లియొనార్డు ఆయిలరు

గణితశాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడగు లియొనార్డు ఆయిలరు 1707వ సంవత్సరము ఏప్రిలు 15వ తేదీన స్విట్జర్లండు దేశమందలి బాజెలు పట్టణమున జన్మించెను. తండ్రి క్రైస్తవ సంఘకాపరి. ఆయన యాకోబు బెర్నూలీ కడ గణితము నేర్చినవాడగుటచే కుమారునకు తొలిపాఠములు తానే చెప్పెను. కుమారుడును బోధకుడు కావలెనని తండ్రి కోరెను గాని, యోహాను బెర్నూలీ బాలుని ప్రజ్ఞను కనిపెట్టి ఆయనను ఒప్పించెను. 1727లో ఆయిలరు రష్యా దేశమునకు బోయి సెంటుపీటర్సుబర్గు విజ్ఞాన పరిషత్తున చేరెను.

ఆ మహనీయుని కృషి యంతయు నిచ్చట వర్ణింప శక్యముగాదు. రెండు పెద్దసంఖ్యలను గూర్చి మాత్రము మా విద్యార్థులకు తెలుప నెంచితిమి.

ఒకటిచేతను, తనచేతను దప్ప మరి దేనిచేతను నిశ్శేషముగా భాగింపబడని సంఖ్యను ప్రధానసంఖ్య యందుము. ఫెర్మా యను ఫ్రెంచి పండితుడు 429,49,67,297 అట్టిదే యని నమ్మెను. ఆయిలరు 1732లో దానిని 641 నిశ్శేషముగా భాగించునని చూపెను, భాగఫలము 67,00,417.

మెర్సెన్ను అను ఫ్రెంచి సన్యాసి 1644లో మరియొక సంఖ్యను పేర్కొనెను. ముప్పదియొక్క రెండులను గుణించి, లబ్ధమునుండి 1 తీసివేయగా వచ్చు 214,74,83,647 ప్రధానసంఖ్య యని ఆయన చెప్పెను గాని నిరూపింపలేదు. ఫెర్మా మాట తప్పినది. మెర్సెన్ను మాట నిలుచునా?

దీనిని శోధించునాటికి ఆయిలరు వృద్ధుడు. 1738 ప్రాంతముననే కుడికంటి చూపు చెడెను. బెర్లినులో ఇరువదియైదేండ్లు పనిచేసి 1766లో పీటర్సుబర్గు చేరిన పిమ్మట రెండవ కంటికిని శుక్లము క్రమ్మెను. 1771లో శస్త్రచికిత్స వలన చూపు వచ్చి, కొలదికాలమునకే మరల పోయెను. ఆ యేడే ఆయన యిల్లు అగ్నికి ఆహుతియయ్యెను. అయినను ఆయన చెప్పుచుండగా కుమారులును శిష్యులును వ్రాయుచుండిరి.

ఆ సంఖ్య ప్రధానసంఖ్య కానిచో, దానిని భాగించు ప్రధానసంఖ్య యొకటి 46,341కి లోపల నుండి తీరవలెను. ఆ హద్దులోని ప్రధానసంఖ్యలన్నిటితో భాగించి చూతమన్న నాలుగువేలకు మించిన భాగహారములు! ఆయిలరు ముందుగా యోచించెను. దీనిని భాగింపగల ప్రధానసంఖ్యను 248చే భాగించినచో శేషము 1 గాని 63 గాని కావలెనని కనుగొనెను. ఇక పరీక్షింపవలసినవి 372కు మించవు. వానిలో ఒక్కటియు దానిని భాగింపలేదు. మెర్సెన్ను మాట నిలిచెనని 1772లో ఆయిలరు వెల్లడించెను. అటుపిమ్మట సుమారు ఎనుబది సంవత్సరములు దానికంటె పెద్ద ప్రధానసంఖ్య లోకమునకు తెలియలేదు.

1783 సెప్టెంబరు 18వ తేదీన ఆయిలరు పరమపదించెను. ఆ దినమున సయితము క్రొత్తగా కనుగొనబడిన యురేనసు గ్రహ మార్గమును గూర్చి ముచ్చటించుచుండెను.

మెర్సెన్ను ముప్పదియొక్క రెండులకు చెప్పినదే అరువదియేడు రెండులకును చెప్పెను. అది తప్పని 1876లో తేలినది. కావున, విద్యార్థులారా, పెద్దలను గౌరవింపుడు. వారు చెప్పిన లెక్కను మాత్రము మరల చేసి చూడుడు.